పాత గాజుతో ఫోమ్ గ్లాస్: అపోహలు, వాస్తవాలు

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో మేము వ్యర్థ గాజుతో వేడిని అడ్డుకునే ఫోమ్ గ్లాస్ (లోపలంతా చిన్న బుడగలుండే నురగ గాజు) పలకలు తయారుచేస్తాం. సూళ్లూరుపేట, నెల్లూరు వైపు నుంచి డాబా కోసం విచారించడానికి వచ్చే మనవాళ్లు తరచూ చెప్పే కొన్ని మాటలను సరిదిద్దవలసి ఉంది.

అపోహ: ఏ గాజునైనా కరిగిస్తే నురగ వస్తుంది.

మేము గాజును నీళ్లలా కరిగించం, మెత్తబరుస్తాం. పిండిలా నూరిన గాజులో కొద్దిగా బొగ్గుపొడి గానీ సిలికాన్ కార్బైడ్ గానీ కలిపి 800–850 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, ఆ కలిపిన పొడి వల్ల లోపల పుట్టిన వాయువును బయటికి పోనివ్వకుండా పొంగుతాయి. కిటికీ గాజు సుమారు 720 డిగ్రీలకే మెత్తబడితే, ప్రయోగశాల బీకర్ల గాజుకు 820 దాకా కావాలి. రెండూ కలిస్తే ఒకే పలక ఒకచోట పొంగి, మరోచోట గడ్డకడుతుంది. పింగాణీ పెంకు ఆ వేడికి అసలు లొంగదు. అందుకే ఏరివేతకు మేము అంత సమయం కేటాయిస్తాం.

అపోహ: ఫ్లై యాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలే సన్నని బూడిద) ఎంత ఎక్కువ కలిపితే అంత లాభం.

ఎన్నూరు పక్కన గుట్టలుగా పడి ఉన్న బూడిదను వాడాలన్న తపన నాకూ ఉంది. అయితే అందులోని సిలికా, అల్యూమినా ఆ వేడికి కరగకపోగా మెత్తబడిన గాజును చిక్కబరుస్తాయి. పైగా బూడిదలో కాలకుండా మిగిలిన బొగ్గు లోడు లోడుకూ మారుతుంది, ఆ బొగ్గు కూడా వాయువును పుట్టిస్తుంది కనుక బుడగల పరిమాణమూ మారిపోతుంది. ప్రతి లోడు నుంచి చిటికెడు తీసి, కాల్చి, తరుగు తూచకుండా మేము కొలిమికి పంపం.

అపోహ: పొంగితే పని అయిపోయినట్టే.

అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. వేడిని ఆపే గుణమే చల్లార్చేటప్పుడు మనకు అడ్డు తగులుతుంది: పైపొర చల్లబడి బిగుసుకున్నా నడిభాగం వేడిగానే ఉండి, ఆ తేడా వల్ల పలకలో ఒత్తిడి నిలిచిపోతుంది. నేను మొదట పనిచేసిన ఒక యూనిట్‌లో గడువు తరుముతోందని కొలిమి తలుపు ముందే తెరిచారు. చూడటానికి నిక్షేపంగా ఉన్న పలకలు రంపం తగలగానే నడిమికి చీలిపోయాయి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అపోహ: పాత టీవీల గాజు కూడా పనికొస్తుంది.

పిక్చర్ ట్యూబు వెనుక గరాటు భాగంలో సీసం ఉంటుంది. కొలిమిలో బొగ్గు తగిలితే అది లోహంగా విడివడి, తర్వాత నీటిలోకి ఊరవచ్చు. మేము దాన్ని తీసుకోం.

అపోహ: గాజు కనుక అడుగు పడితే పగులుతుంది, వాన పడితే నానుతుంది.

బరువు సమంగా పరుచుకుంటే మంచి పలక చదరపు సెంటీమీటరుకు 5 కిలోలకు పైగా మోస్తుంది. మొనదేలిన బరువు ఒక్కచోట పడితే మాత్రం నలుగుతుంది, అందుకే పైన కాంక్రీటు పొర వేయాలి. బుడగలు విడివిడిగా మూసుకుని ఉంటే నీరు లోపలికి పోదు. సున్నపురాయి పొడితో పొంగించిన రకంలో బుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవచ్చు, అటువంటిది నీరు తాగుతుంది. కొనేముందు ఒక ముక్కను తూచి, బకెట్ నీటిలో రాత్రంతా ముంచి ఉంచి, తెల్లవారాక పైతడి తుడిచి మళ్లీ తూచండి.