యోకోహామా గూఢచారి ఓడ: అపోహలు - వాస్తవాలు

జపాన్‌లో కొలువు చేస్తున్న కొడుకు దగ్గరికో, బిడ్డ దగ్గరికో పోయే వరంగల్, కరీంనగర్ తల్లిదండ్రులకు టూరు ప్లాను వేసేటప్పుడు యోకోహామాలోని కోస్ట్ గార్డ్ మ్యూజియాన్ని మేం తప్పక కలుపుతాం. అక్కడ చూడాల్సింది ముఖ్యంగా ఒక్క ఓడే. దాని మీద అపోహలే బోలెడు.

అపోహ: చేపల పడవే కదా, చూడ్డానికి ఏముంటుంది?

వాస్తవం: అది వేషం. అసలుకు ఉత్తర కొరియా గూఢచారి ఓడ. పొడవు 29.68 మీటర్లు, మన ఆర్టీసీ బస్సులు రెండున్నర వరుసగా పెట్టినంత. ఒక్కోటి దాదాపు 1,100 హార్స్‌పవర్ ఉన్న ఇంజన్లు నాలుగు. బావి కాడి 5 హార్స్‌పవర్ మోటార్ల లెక్కన 880 మోటార్ల బలం! వేగం 33 నాట్లు, అంటే గంటకు 61 కిలోమీటర్లు. ముందు వైపు ఫొటో దిగి వచ్చేయకండి, వెనక్కి నడవండి. అక్కడ వాకిలి తలుపుల్లా రెండు రెక్కలు తెరుచుకుంటాయి. మనుషుల్ని ఒడ్డుకు చేర్చే చిన్న పడవ దాగేది అందులోనే. చేపలు పట్టేవాడికి ఆ తలుపులతో పనేంటి?

అపోహ: కోస్ట్ గార్డే దాన్ని ముంచింది.

వాస్తవం: 2001 డిసెంబరు 22న తూర్పు చైనా సముద్రంలో ఆగమంటే ఆగలేదు. గస్తీ నౌకలు ముందు హెచ్చరికగా, తర్వాత ఓడ మీదికే కాల్చాయి. రాత్రి దగ్గరికి చేరగానే అటు నుంచి తుపాకులు, రాకెట్లు పేలాయి. ముగ్గురు కోస్ట్ గార్డ్ సిబ్బంది గాయపడ్డారు. చివరికి లోపలివాళ్లే ఓడను పేల్చుకున్నారని దర్యాప్తులో తేలింది. 2002 సెప్టెంబరులో, దాదాపు 90 మీటర్ల లోతు నుంచి బయటికి తీశారు. ఆ తుప్పు అప్పటిదే.

అపోహ: కోస్ట్ గార్డ్ అంటే నేవీయే.

వాస్తవం: మన కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కింద ఉంటుంది, జపాన్‌ది రవాణా వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ కింద. అందుకే ఆ రోజు ఆగమనడానికి చూపిన కారణం కూడా చేపల వేట చట్టమే.

అపోహ: టికెట్టు దండగ, ఒక రోజంతా పోతుంది.

వాస్తవం: టికెట్టే లేదు. గంట చాలు. మినాతోమిరాయి లైనులో బషామిచి స్టేషన్‌లో దిగి ఎర్ర ఇటుకల గోదాముల వైపు నడవండి. సోమవారం సెలవు, మా వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. హిరోషిమా వైపు కురెలోనూ ఒక కోస్ట్ గార్డ్ మ్యూజియం ఉంది, మ్యాప్‌లో యోకోహామా అని చూసి మరీ నొక్కండి.