పది అమైనో ఆమ్లాలను పట్టే యాంటీబాడీ

మన కణంలో వేల రకాల ప్రొటీన్లు కలగలిసి ఉంటాయి. వాటిలో ఒకానొక ప్రొటీన్ ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో, కణంలో ఏ చోట ఉందో తేల్చవలసి వచ్చినప్పుడు పరిశోధకులు చాలావరకు యాంటీబాడీల మీదే, అంటే తమకు సరిపడే లక్ష్యానికి అతుక్కునే రక్షక ప్రొటీన్ల మీదే ఆధారపడతారు. ప్రయోగశాలల్లో విరివిగా వాడే అటువంటి యాంటీబాడీలలో చిట్టెలుక నుంచి వచ్చిన 9ఇ10 ఒకటి. చేయడానికి పుట్టిన పని కంటే తరువాత మీద పడిన పనితోనే దీనికి ఎక్కువ పేరు వచ్చింది.

1985లో జెరార్డ్ ఇవాన్, మైకేల్ బిషప్, వారి సహచరులు మనిషిలోని సి-మిక్ అనే ప్రొటీన్‌ను గుర్తించడానికి దీనిని తయారుచేశారు. కణం పెరుగుదలనూ విభజననూ నడిపే అనేక జన్యువులను అదుపు చేసే ఈ ప్రొటీన్ తానే అదుపు తప్పితే క్యాన్సర్‌కు దోహదం చేస్తుంది. ప్రొటీన్లకు ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు; ఇందులో అవి మొత్తం 439 ఉన్నాయి. పరిశోధకులు చిట్టెలుకలకు ప్రొటీన్ మొత్తాన్ని ఎక్కించకుండా, దాని చివరి భాగంలోని వరుసను రసాయనికంగా తయారుచేసి ఎక్కించారు. ఆ వరుసలో 9ఇ10 అతుక్కునేది పది అమైనో ఆమ్లాల ముక్కకు మాత్రమే.

చిట్టెలుకకూ సి-మిక్ ఉంది, అది మన ప్రొటీన్‌ను బాగా పోలి ఉంటుంది కూడా. తన సొంత ప్రొటీన్ల మీద శరీరం సాధారణంగా యాంటీబాడీలు తయారుచేయదు. అయితే ఈ పదింటిలో మూడు చోట్ల మనిషికీ చిట్టెలుకకూ తేడా ఉంది. అందువల్లనే 9ఇ10 మనిషి ప్రొటీన్‌ను పట్టుకుంటుంది గానీ, తనకు జన్మనిచ్చిన జంతువు ప్రొటీన్‌ను సరిగా పట్టుకోలేదు. ఈ సంగతి గమనించకుండా చిట్టెలుక కణాలలో సి-మిక్ కోసం దీనితో వెతికితే ఉన్నది కూడా లేనట్టే కనిపిస్తుంది.

ఇటువంటి యాంటీబాడీని ఏళ్ల తరబడి ఒకే రీతిగా తయారుచేసే మార్గాన్ని 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ చూపించారు. చిట్టెలుక ప్లీహంలోని ఒక్కొక్క బి కణం ఒక్కొక్క రకం యాంటీబాడీనే తయారుచేస్తుంది, కానీ గాజుపాత్రలో ఎక్కువ రోజులు బతకదు. మైలోమా అనే క్యాన్సర్ కణం అంతులేకుండా విభజన చెందుతుంది, కానీ మనకు కావలసిన యాంటీబాడీని ఇవ్వదు. ఈ రెండింటినీ కలిపి ఒకే కణంగా చేస్తే, దానికి బి కణం నుంచి యాంటీబాడీ జన్యువులు, మైలోమా నుంచి దీర్ఘాయువు సంక్రమిస్తాయి. కలవకుండా మిగిలిన మైలోమా కణాలలో ఒక ఎంజైమ్ ముందే లోపించి ఉంటుంది కనుక, అమినోప్టెరిన్ అనే రసాయనం కలిపిన పోషక ద్రావణంలో అవి చనిపోతాయి; కలవని బి కణాలు వాటంతటవే నశిస్తాయి. చివరికి మిగిలిన జంట కణాలను, అంటే హైబ్రిడోమాలను, బాగా పలుచన చేసి, గుంటకు ఒక్కటి చొప్పున పళ్లెంలో పెంచి, ఏ గుంటలోని ద్రవం కావలసిన ప్రొటీన్‌ను పట్టుకుంటుందో పరీక్షిస్తారు. చెప్పడానికి నాలుగు మాటలే అయినా, చేయడానికి నెలలు పడుతుంది. 9ఇ10 వంటి పేర్లు సాధారణంగా పళ్లెం సంఖ్య, గుంట చిరునామా కలిపి పెట్టినవే.

ఇక మీద పడిన పని సంగతి. పది అమైనో ఆమ్లాలే చాలు గనుక, ఆ పదింటికి సరిపడే 30 అక్షరాల డీఎన్ఏను వేరే ఏ జన్యువు కొసనైనా చేర్చవచ్చు. అప్పుడు ఆ ప్రొటీన్ తన పేరుకు మిక్ అనే ఇంటిపేరు తగిలించుకుని పుడుతుంది, కొత్త యాంటీబాడీ కోసం నెలలు వేచి ఉండకుండా 9ఇ10తోనే దాని జాడ తీయవచ్చు. ఈస్ట్ కణాలలోనూ మొక్కలలోనూ, క్యాన్సర్‌తో సంబంధమే లేని ప్రశ్నలకు సైతం ఇది పనికివచ్చింది.

జాడ తీసే సామాన్య పద్ధతి వెస్టర్న్ బ్లాట్. ప్రొటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం వేరుచేసి, పలుచని పొర మీదికి బదిలీ చేసి, ఖాళీ చోట్లకు యాంటీబాడీ అతుక్కోకుండా తరచుగా పాలపొడి ద్రావణంలో నానబెట్టి, ఆపై 9ఇ10 పోస్తారు. చిట్టెలుక యాంటీబాడీలను పట్టే మేక యాంటీబాడీని, కాంతిని పుట్టించే ఎంజైమ్‌తో జతచేసి తరువాత పోస్తే, ప్రొటీన్ ఉన్నచోట గీత మెరుస్తుంది. సి-మిక్ బరువు లెక్క ప్రకారం సుమారు 49 కిలోడాల్టన్లు (ప్రొటీన్ల బరువు కొలిచే ప్రమాణం) కాగా, జెల్‌లో గీత 62 దగ్గర కనిపిస్తుంది. కొత్తగా చేరిన విద్యార్థి ప్రయోగం చెడిపోయిందనుకోవడం సహజం.

అసలు పొరపాట్లు మరోచోట ఉన్నాయి. మనిషి కణాలలో ఇంటిపేరు తగిలించిన ప్రొటీన్ కోసం వెతికితే, కణం సొంత సి-మిక్ కూడా గీతగా పడవచ్చు. 9ఇ10తోనే ప్రొటీన్‌ను ద్రావణం నుంచి లాగి, మళ్లీ దానితోనే పొర మీద వెతికితే, మేక యాంటీబాడీ ఆ 9ఇ10 ముక్కలనే పట్టుకుని 50, 25 కిలోడాల్టన్ల దగ్గర గీతలు చూపుతుంది. హైబ్రిడోమాలనూ గుడ్డిగా నమ్మలేం: 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 185 హైబ్రిడోమాలను పరిశీలించగా 59 కణవంశాలలో యాంటీబాడీని కూర్చే బరువు, తేలిక గొలుసుల ఒక్క జతకు మించి అదనపు గొలుసుల జన్యువులు కనిపించాయి. ఏక వంశం నుంచి వచ్చిందంత మాత్రాన ఒకే రకం యాంటీబాడీ అని అనుకోవడం, నా దృష్టిలో, ఇన్నేళ్లూ కొంత తేలికగా తీసుకున్న విషయమే. యాంటీబాడీలోని అమైనో ఆమ్లాల వరుసను చదివి, ఆ జన్యువులనే వేరే కణాలలో పెట్టి తయారుచేసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది. అప్పటికీ ప్రతి జెల్‌లోనూ ఇంటిపేరు తగిలించని కణాల నమూనాకు ఒక నిలువు పట్టీ కేటాయించవలసిందే. ఆ పట్టీలో కూడా గీత కనిపిస్తే, పక్క పట్టీలోని గీత మనం వెతుకుతున్న ప్రొటీన్‌దే అని చెప్పడానికి వీలులేదు.