నొప్పుల బిళ్లకీ కిడ్నీకీ మధ్య ఒక మదుం

కాశీబుగ్గలో ఓ సాయంత్రం మందుల షాపు ముందు నిలబడ్డాను. నా కంటే ముందున్నది జీడి పిక్కలు కొట్టే ఆడమనిషి. వేళ్ల సందుల్లో జీడి నల్లగా అట్టకట్టింది. "ఒళ్లంతా పులిసిపోనాది బావూ, నొప్పుల బిళ్లలు రెండియ్యి" అంది. షాపు కుర్రాడు చీటీ అడగలేదు. స్ట్రిప్పులోంచి రెండు బిళ్లల ముక్క కత్తిరించి చేతిలో పెట్టాడు. అంతా అర నిమిషంలో అయిపోయింది.

ఇది ఉద్దానం, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పాతుకుపోయిన ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో "క్రియాటిన్ ఎంతుంది?" అన్నది కుశల ప్రశ్న. క్రియాటినిన్ అనే ఆ రక్త పరీక్ష అంకె పెరిగిందంటే కిడ్నీ తగ్గుతున్నట్టు లెక్క. ఈ కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీరు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పుల బిళ్లలు, అన్నిటి మీదా అనుమానం ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం కూడా ఆ రోజే మొదలైంది. వీటన్నిటి నడుమ డాక్టర్లు పదే పదే చెప్పే మాట మాత్రం ఒకటుంది: నొప్పుల బిళ్లలు మింగొద్దు. ఎందుకు వద్దో ఎవరూ విడమరిచి చెప్పరు. కారణం చెప్పని నిషేధాన్ని నడుం నొప్పితో ఉన్న మనిషి ఎందుకు పాటిస్తుంది?

ఆ కారణం వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది. 1905లో కేంబ్రిడ్జిలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త, కండరం మీద నికోటిన్, క్యురారే అనే విషం పనిచేసే తీరు చూసి, కణాల్లో మందును అందుకునే పదార్థం ఏదో ఉండాలన్నాడు. దాన్నే ఇప్పుడు రిసెప్టార్ అంటున్నాం, తెలుగులో గ్రాహకం. కణానికి అది తలుపు గొళ్లెం లాంటిది. సరైన పదార్థం వచ్చి తగిలితేనే లోపల కదలిక.

1929లో రెండు సంగతులు జరిగాయి. హార్వర్డులో ఫిస్కేతో కలిసి మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు, జర్మనీలో లోమన్ విడిగా, కండరంలోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వెలికితీశారు. కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం అదే. (అంతకు ముందు, 1925లో, ఫిస్కే, సుబ్బారావు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కూడా కనిపెట్టారు. కిడ్నీ రోగుల రక్తంలో ఫాస్ఫరస్ చూడటానికి దశాబ్దాల పాటు ల్యాబులు ఆ పద్ధతినే నమ్ముకున్నాయి. డయాలసిస్ గదుల్లో సుబ్బారావు పేరు వినిపించదు, అది వేరే సంగతి.) అదే ఏడాది డ్రూరీ, సెంట్ జార్జి అనే ఇద్దరు, ఏటీపీకి చుట్టమైన అడినోసిన్‌ను జంతువుల రక్తంలోకి ఎక్కిస్తే గుండె నెమ్మదిస్తుందని చూపించారు.

ఈ రెండిటినీ ముడిపెట్టి ఆలోచించడానికి నలభై ఏళ్లు పట్టింది. 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అనే శాస్త్రవేత్త, ఏటీపీ నరాలు పంపే సందేశం కూడా అన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. ఇంట్లో వండుకునే బియ్యాన్ని ఎవరైనా ఉత్తరం బదులు పంపుతారా అన్నట్టు ఉంది వాళ్ల వాదన. 1990ల మొదట్లో ఆ సందేశాన్ని అందుకునే రిసెప్టార్ల జన్యువులు ఒక్కొక్కటే దొరికాక నోళ్లు మూతపడ్డాయి. ఇవాళ అడినోసిన్‌కు నాలుగు, ఏటీపీ వర్గానికి పీ2ఎక్స్ అనే రకం ఏడు, పీ2వై అనే రకం ఎనిమిది లెక్కలో ఉన్నాయి. అన్నిటినీ కలిపి ప్యూరినర్జిక్ రిసెప్టార్లంటారు. తెల్లారగట్ల టీ తాగితే మగత వదిలేది కూడా వీటి వల్లే. టీలోని కెఫీన్ అడినోసిన్ కూర్చోవలసిన పీట మీద తను కూర్చుంటుంది.

ఇక కిడ్నీ. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత గుత్తులు. రెండూ కలిసి రోజుకు 180 లీటర్లు వడగట్టి, లీటరున్నరో రెండో బయటికి వదిలి, తక్కినదంతా వెనక్కి తీసుకుంటాయి. ప్రతి గుత్తికీ రక్తం వచ్చే సన్న గొట్టం ఒకటి, పోయేది ఒకటి. వంశధార కాలువ మీద మదుం (నీటిని వదిలే, ఆపే తూము) చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ మదుం దగ్గర తలుపు ఎత్తి దించే లస్కరు కూడా ఉన్నాడు. మాక్యులా డెన్సా అనే చిన్న కణాల గుంపు అది. వడగట్టిన నీటిలో ఉప్పు ఎక్కువైతే ఏటీపీని బయటికి వదులుతుంది. అందులోంచి పుట్టిన అడినోసిన్ వచ్చే గొట్టం మీది ఏ1 రిసెప్టార్‌కు తగులుతుంది. మదుం బిగుస్తుంది. ఒంట్లో చాలాచోట్ల రక్తనాళాన్ని వదులు చేసే అడినోసిన్, ఇక్కడ మాత్రం బిగిస్తుంది. 2001లో ఏ1 రిసెప్టార్ లేని ఎలుకల్ని పరీక్షిస్తే, ఉప్పు పెరిగినా మదుం కదల్లేదు.

బిగించే చేతులు ఇంకా ఉన్నాయి. మే నెల ఎండలో తోటలో పనిచేసి ఒళ్లు ఎండిపోతే, యాంజియోటెన్సిన్ అనే హార్మోను, నరాలు కలిసి రక్తనాళాల్ని బిగిస్తాయి. అప్పుడు వచ్చే గొట్టం పూర్తిగా మూసుకోకుండా పట్టి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం. దానికీ దాని రిసెప్టార్లున్నాయి. 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త, ఆస్పిరిన్ లాంటి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్ తయారీనే ఆపేస్తాయని తేల్చాడు. 1982 నోబెల్ బహుమతిలో ఆయనకూ వాటా దక్కింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ అనే నొప్పుల బిళ్లలన్నీ ఆ జాతివే. నొప్పి తగ్గేదీ అందుకే, నీళ్లు తాగక ఎండిన ఒంట్లో కిడ్నీకి రక్తం కట్టయ్యేదీ అందుకే. నీడ పట్టున ఉన్నవాడు మింగిన బిళ్లా, పొద్దంతా చెమటోడ్చినామె మింగిన బిళ్లా ఒకటి కావు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం ఆపేసింది.

మదుం తెరిస్తే కిడ్నీ బాగుపడుతుందని ఆశపడ్డవాళ్లూ ఉన్నారు. ఏ1 రిసెప్టార్‌ను అడ్డుకునే రోలోఫిలిన్ అనే మందును గుండె నీరసించిన రెండు వేల మంది మీద పరీక్షించారు. 2010లో ఫలితం వచ్చింది, కిడ్నీకి మేలేమీ కనబడలేదు. చిత్రంగా, మేలు ఎదురు దిక్కు నుంచి వచ్చింది. చక్కెర జబ్బుకని వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్, లస్కరు దగ్గరికి ఉప్పు ఎక్కువ చేరేలా చేస్తుంది. మదుం కాస్త బిగిసి గుత్తిలో ఒత్తిడి తగ్గుతుంది. 4,304 మంది కిడ్నీ రోగుల మీద చేసిన పరీక్షలో అది జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేసిందని 2020లో తేలింది.

అయితే ఆ పరీక్షలో ఉన్నది మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లు. ఉద్దానం జబ్బులో ఆ ప్రొటీన్ చాలామందికి పెద్దగా పోదు. కాబట్టి ఆ లెక్కను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. ఇంకో చిక్కుంది. ఆ బిళ్ల మొదలెట్టిన కొత్తలో, మదుం బిగిసినందువల్లే, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. ముందే చెప్పకపోతే, ఆ పరీక్ష చీటీ చూసిన సోంపేట మనిషి బిళ్ల ఆపేస్తాడు. ఒళ్లు నొప్పులకు మాత్రం షాపుకెళ్లి ఇంకో రెండు కొనుక్కుంటాడు.