రోడ్డు వెడల్పయితే పొగ తగ్గుతుందా?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీ బడి వెనక హైవేను వెడల్పు చేస్తున్నారనీ, 2045 నాటికి కాలుష్యం ఇప్పటికంటే తగ్గుతుందని ఆ పని మీద తయారైన పర్యావరణ నివేదికలో ఉందనీ రాశారు. బండ్లు పెరుగుతాయని వాళ్లే చెబుతూ పొగ తగ్గుతుందని ఎలా అంటారు, అబద్ధమా అని అడిగారు. అబద్ధం కాదు. అలాగని మీ ప్రశ్నకు అది జవాబూ కాదు. నా ఉద్యోగమంతా ఇలాంటి లెక్కలతోనే గడిచింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఇంకా వేయని రోడ్డు పక్కన గాలిని ఎవరూ కొలవలేరు, లెక్క కట్టాల్సిందే. మీరుండే అమెరికాలో అందుకు పర్యావరణ పరిరక్షణ సంస్థ తయారుచేసిన మూవ్స్ అనే ప్రోగ్రామ్ వాడతారు. కాలిఫోర్నియా వాళ్లది మాత్రం ఎప్పుడూ సొంత దారే, అక్కడ ఎంఫాక్ అనే వేరే ప్రోగ్రామ్ ఉంది. మూవ్స్ 2010లో మొబైల్ అనే పాత ప్రోగ్రామ్ స్థానంలోకి వచ్చింది. పాతది సగటు వేగాన్ని పట్టుకుని లెక్క చెప్పేది. మూవ్స్ మాత్రం బండి క్షణక్షణం ఏం చేస్తోందో చూడగలదు: బ్రేకు వేస్తోందా, ఆగి ఉందా, ఎత్తు ఎక్కుతోందా, ఒక్కసారిగా వేగం అందుకుంటోందా అని. సగటు వేగం గంటకు 30 మైళ్లే అయినా, సాఫీగా సాగిపోయిన బండీ, సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగి ఉరికిన బండీ ఒకే పొగ వదలవు.

ఏ రకం బండ్లు ఎన్ని, వాటి వయసెంత, ఇంధనం ఏమిటి, జనవరి తెల్లవారుజామున అక్కడ చలి ఎంత, ఇవన్నీ మనమే ఇవ్వాలి. చలితో ఏం పని అంటారేమో. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితే గానీ పనిచేయదు. పెనం కాగకుండా అట్టు రాదు కదా. అందుకే ఇంజను స్టార్ట్ చేసినప్పుడు వెలువడే పొగకు వేరే లెక్క ఉంది. ట్యాంకులోంచి ఆవిరైపోయే పెట్రోలుకూ, బ్రేకులూ టైర్లూ అరిగి లేచే ధూళికీ కూడా లెక్క ఉంది. మాది ఎలక్ట్రిక్ కారు కదా అని మీ నాన్న అడ్డం వస్తాడు. పొగగొట్టం లేదు, నిజమే. టైర్లున్నాయిగా!

మూవ్స్ ఎన్ని గ్రాములు వెలువడతాయో చెప్పి ఊరుకుంటుంది. అవి గాలివాటున మీ బడి ఆవరణకు ఎంత చేరతాయో చెప్పడానికి ఎయిర్‌మాడ్ లాంటి మరో ప్రోగ్రామ్ కావాలి. అతి సన్నని ధూళి విషయంలో ఈ రెండో లెక్క ప్రతి రోడ్డుకూ చేయరు. గాలి నాణ్యత ప్రమాణాన్ని దాటిన, లేదా ఇదివరకు దాటిన ప్రాంతాల్లో, డీజిల్ ట్రక్కులు బాగా పెరిగే పనులకే చేస్తారు. ఆ ధూళి ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 12 మైక్రోగ్రాములు మించకూడదనే పరిమితిని 2024లో 9కి దించారు.

ఇక 2045 సంగతి. అప్పటికి పాత బండ్లు చాలావరకు తుక్కుకు పోయి, తక్కువ పొగ వదిలే కొత్తవి వచ్చి ఉంటాయి. నివేదికలో కనిపించే తగ్గుదలలో ఎక్కువ భాగం వాటి పుణ్యమే. రోడ్డు వేయకపోయినా ఆ తగ్గుదల వచ్చేదే. కాబట్టి 2045ను ఈనాటితో పోల్చిన పట్టికను పక్కన పెట్టండి. అదే 2045లో రోడ్డు వేస్తే ఎంత, వేయకపోతే ఎంత అని పోల్చిన పట్టిక వెతకండి.

అక్కడా ఒక మెలిక ఉంది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే కొత్త జనం దానిమీదికి వస్తారు. మూవ్స్‌కు ఆ విషయం తెలియదు. మనం ఎన్ని బండ్లని చెబితే అన్నింటికే అది లెక్క కడుతుంది. ఆ సంఖ్య వేరే ట్రాఫిక్ అంచనాల నుంచి వస్తుంది. రోడ్డు వేసినా వేయకున్నా బండ్లు అన్నే అని రాసి, వేగం మాత్రం పెంచి చూపితే, రద్దీలో నత్తనడక తగ్గినట్టు లెక్క తేలి, రోడ్డు వేయడమే మేలని మూవ్స్ చెప్పడానికే అవకాశం ఎక్కువ. ప్రోగ్రామ్‌ను తప్పుపట్టేవాళ్లను చాలామందిని చూశాను. దానికి ఏం తినిపించారో చూసేవాళ్లు తక్కువ.

నివేదిక చివర ట్రాఫిక్ అంచనాల అనుబంధం ఉంటుంది. రోజుకు ఎన్ని బండ్లు, అందులో ట్రక్కులు ఎన్ని అన్న వరుసలు రెండు సందర్భాలకూ పక్కపక్కన పెట్టి చూడండి. అంకెలు ఒకేలా ఉంటే, అలా ఎందుకున్నాయో అభ్యంతరాల గడువు ముగిసేలోగా రాతపూర్వకంగా అడగండి. రాతలో అడిగితే తుది నివేదికలో సమాధానం ఇవ్వమని పట్టుబట్టవచ్చు. ఉత్తరం మీరే రాయండి, పంపేముందు నాకొకసారి చూపించండి.

ఇట్లు
మీ తాతయ్య