యూకే స్కూళ్లలో హలాల్ భోజనం: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

ఇక్కడ పిల్లల్ని స్కూల్లో చేర్చగానే భోజనాల ఫామ్ ఒకటి చేతిలో పెడతారు. మా పాపకి ఇచ్చిన దాంట్లో వెజిటేరియన్, హలాల్, నో పోర్క్ అని గళ్లున్నాయి, నో బీఫ్ మాత్రం లేదు, పక్కన పెన్నుతో రాసిచ్చాం. ఆ హలాల్ గడి వెనక నలభై ఏళ్ల రచ్చ ఉంది.

మొదలు ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో. బడి పిల్లలకి ఊరి ఖర్చుతో అన్నం పెట్టడంలో ఆ ఊరు ముందునుంచీ ముందే, 1907లోనే గ్రీన్ లేన్ స్కూల్లో పెట్టి చూశారు. తర్వాత ఉన్ని మిల్లుల్లో పనికి పాకిస్తాన్ చేతిలో ఉన్న కశ్మీర్‌లోని మీర్‌పూర్ వైపు నుంచి ముస్లిం కుటుంబాలు దిగాయి. 1983లో ఊరి కౌన్సిల్ స్కూళ్లలో హలాల్ మాంసం మొదలెట్టింది, అంతే, జంతువుల్ని హింసిస్తున్నారని కొందరు లేచారు, 1984 మార్చిలో మళ్లీ ఓటింగ్ పెట్టాల్సొచ్చింది. ఆ రోజు వేలమంది పిల్లల్ని తల్లిదండ్రులు బడి మాన్పించారు. 59-15 ఓట్లతో హలాల్ నిలబడింది.

అసలు కిటుకు 1933 నాటి చట్టంలో ఉంది. కోసే ముందు స్పృహ తప్పించాలి, యూదులకీ ముస్లింలకీ మినహాయింపు. 1985లో సర్కారు సలహా మండలి ఆ మినహాయింపు తీసేయమంది, సర్కారు తీయలేదు. ఇంకో తిరకాసు ఏంటంటే ఇక్కడి హలాల్‌లో ఎక్కువభాగం షాకిచ్చి, అంటే స్పృహ తప్పించి, కోసిందే, 2011 సర్వేలో హలాల్ కోళ్లలో 88 శాతం అలాంటివే. హలాల్ అని ముద్ర వేసే సంస్థల్లో 1994లో వచ్చిన హలాల్ ఫుడ్ అథారిటీ దాన్ని ఒప్పుకుంటుంది, 2003లో వచ్చిన హలాల్ మానిటరింగ్ కమిటీ ఒప్పుకోదు. అంటే పెట్టాలా వద్దా అన్న గొడవ పోయి ఎవరి హలాల్ అన్న గొడవ వచ్చింది. 2017లో లాంకషైర్ కౌన్సిల్, కోళ్లు తప్ప, షాకివ్వకుండా కోసిన మాంసం స్కూళ్లకి వద్దని ఓటేస్తే మసీదుల మండలి బడి భోజనాలు బాయ్‌కాట్ చేస్తామంది.

మధ్యలో 2013, బీఫ్ అని అమ్మినదాంట్లో గుర్రం మాంసం దొరికిన కుంభకోణం ఏడాది. లెస్టర్ స్కూళ్లకి హలాల్ అని పంపిన లాంబ్ బర్గర్లలో పంది డీఎన్ఏ దొరికింది. ఇంక నమ్మకం ఎక్కడుంటుంది చెప్పండి.

హలాల్ అక్కర్లేని తల్లిదండ్రుల కంప్లైంట్ వేరే. అందరికీ హలాలే పెట్టేసి మాకు చెప్పలేదని. సిక్కు తల్లిదండ్రులకైతే ఇది మతం విషయమే, వాళ్ల మత నియమాల్లో (రెహత్ మర్యాద) ఆ మాంసం నిషిద్ధం. తెలంగాణ పల్లెల్లో ముల్లాతో కోయించుకున్న కోడి తిని పెరిగిన నాలాంటోడికి ఇందులో వింతేం లేదు గానీ, చెప్పకుండా పెట్టారన్న కోపం మాత్రం అర్థమవుతుంది. ఎలా కోశారో ప్యాకెట్ మీద రాయాలని చట్టం లేదు.

కంప్లైంట్ మాత్రం మాంసం కొనని హెడ్ టీచర్‌కే వెళ్తుంది, కొనేది కౌన్సిలో కేటరింగ్ వాళ్లో. నేనూ ఒకసారి ఆఫీసులో అడిగా, కేటరర్‌ని అడగమన్నారు, రెండు వారాలకి ఒక లైన్ మెయిల్ వచ్చింది: చికెన్ హలాల్, షాకిచ్చిందే, బీఫ్ హలాల్ కాదు. బీఫ్ వద్దని పెన్నుతో రాసింది ఎవరన్నా చూశారా అన్నదానికి జవాబు లేదు.