బ్రేకు వదలడం ఎప్పుడో తెలిసిన వేలు

వేగంగా వస్తున్న మోటార్‌సైకిలును ముందు బ్రేకుతో ఆపుతూ, వెనుక చక్రాన్ని గాలిలోకి లేపి, ముందు చక్రం ఒక్కదాని మీదే కొంతదూరం సాగించే విన్యాసాన్ని స్టాపీ అంటారు. చూసేవారికి అదంతా బ్రేకును గట్టిగా బిగించే తెగువలాగా కనిపిస్తుంది. నిజానికి బిగించడం తేలిక. ఒకసారి బిగించిన బ్రేకును ఏ క్షణంలో, ఎంత మేరకు సడలించాలో కుడిచేతి వేలికి తెలియడమే అసలు విద్య. ఎందుకలా అన్నది బండిమీద పనిచేసే బలాలను కాస్త ఓపికగా చూస్తే బోధపడుతుంది.

ముందుగా ప్రమాదం లేని ఒక ప్రయోగం చేయవచ్చు. మామూలు సైకిలును పక్కన పట్టుకుని నడిపిస్తూ, ముందు చక్రం బ్రేకును మాత్రమే గట్టిగా నొక్కండి. సైకిలు ఆగుతూనే వెనుక చక్రం నేలను విడిచి పైకి లేస్తుంది. బ్రేకు వదలగానే ధబ్బున కిందపడుతుంది. ఇంజను శక్తికి దీంట్లో పాత్ర ఏమీ లేదని, కదులుతున్న వస్తువు జడత్వం, దాని ఎత్తు, దాని పొడవు, ఈ మూడే ఆటను నడిపిస్తున్నాయని అక్కడే తెలిసిపోతుంది.

బ్రేకు పడినప్పుడు బండిని వెనక్కి నెట్టే బలం ముందు టైరు నేలను తాకే చోట, అంటే అట్టడుగున పనిచేస్తుంది. బండి, మనిషి కలిసిన బరువుకు గురుత్వ కేంద్రం మాత్రం నేలకు చాలా పైన ఉండి, ముందుకు పోవాలనే చూస్తుంది. కాళ్లు తట్టుకున్న మనిషి బోర్లాపడినట్టు బండి ముందుకు ఒరగబోతుంది. గురుత్వ కేంద్రం ముందు టైరుకు కొంత వెనుకగా ఉండడం వల్ల బరువే దాన్ని తిరిగి నేలకు లాగుతూ ఉంటుంది. మొదటి బలం రెండోదాన్ని మించిన క్షణాన వెనుక చక్రం లేస్తుంది.

లెక్క చాలా చిన్నది. స్పోర్ట్స్ తరహా బండి మీద మనిషి కూర్చున్నప్పుడు గురుత్వ కేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున, ముందు టైరు నేలను తాకే చోటుకు 70 సెంటీమీటర్ల వెనుకగా ఉందనుకుందాం. 70ని 65తో భాగిస్తే దాదాపు 1.08 వస్తుంది. అంటే బండి వేగం గురుత్వ త్వరణానికి 1.08 రెట్లు, సెకనుకు సుమారు 10.6 మీటర్ల చొప్పున తగ్గితే వెనుక చక్రం లేస్తుంది. ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాలేదు. బరువు పెరిగితే ఒరగదోసే బలం, నిలిపే బలం రెండూ సమంగా పెరుగుతాయి కాబట్టి అది కొట్టుకుపోతుంది. బరువైన బండి కాబట్టి తోక లేవదని ధీమాగా ఉండేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి నిలబడి ఒంటిని ముందుకు తెచ్చినప్పుడు ఎత్తు 75కు పెరిగి దూరం 62కు తగ్గిందనుకుంటే, 0.83 రెట్లే సరిపోతుంది. విన్యాసకులు బ్రేకు వేసే ముందు సీటు నుంచి లేవడం ప్రదర్శన కోసం కాదన్నమాట.

అయితే ఇంత బలాన్ని నేల నుంచి తెచ్చివ్వాల్సింది టైరు. పొడి తారు మీద, వేడెక్కిన మంచి టైరు తన మీద పడిన బరువుకు సమానంగా, ఒక్కోసారి కాస్త మించి కూడా పట్టు ఇవ్వగలదు. తడి నేల మీద, ఇసుక రాలిన చోట ఆ పట్టు అంతా కరిగిపోతుంది. పొడవుగా, నేలబారుగా ఉండే క్రూయిజర్ బండ్లకు పైన చెప్పిన నిష్పత్తి 1.4 దాకా పోతుంది కాబట్టి, వాటికి తోక లేవకముందే ముందు టైరు జారిపోతుంది. కార్లు స్టాపీ చేయకపోవడానికి కారణమూ ఇదే. సైకిలు పొట్టిది, దానిమీద కూర్చున్న మనిషి ఎత్తుగా ఉంటాడు కాబట్టి 0.5, 0.6 రెట్ల దగ్గరే లేస్తుంది.

కొత్తవారు చేసే మొదటి తప్పు ఇక్కడే పుడుతుంది. సమంగా వెళ్తున్న బండిలో ముందు టైరు మీద ఉండేది మొత్తం బరువులో దాదాపు సగమే. పట్టు బరువును బట్టే ఉంటుంది కనుక ఆ సమయంలో ముందు టైరు ఇవ్వగలిగిన పట్టు కూడా సగమే. బ్రేకు పడి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాలు, అంటే ఫోర్కులు కుంగి, బరువు వెనుక నుంచి ముందుకు చేరడానికి కొద్దిపాటి సమయం పడుతుంది. అంత సమయం ఇవ్వకుండా బ్రేకు లీవరును ఒక్కసారిగా గుంజితే, రావలసిన బరువు ఇంకా రాకముందే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. బిగుసుకున్న ముందు చక్రం దిశను నిలుపుకోలేదు. మనిషి జరిగింది గ్రహించేసరికే నేల మీద ఉంటాడు. అందుకే లీవరును నిమ్మపండు పిండినట్టు పట్టాలి. మొదటి పిండుతో ఫోర్కు కుంగాలి, అది కుంగిన తరువాత రెండో పిండుతో బలం పెరగాలి. ఈ రెండింటి మధ్య విరామం బయటివారి కంటికి ఆనదు.

వెనుక చక్రం నేలను విడిచాక లెక్క తలకిందులవుతుంది. చక్రం లేస్తున్న కొద్దీ గురుత్వ కేంద్రం పైకీ ముందుకీ జరుగుతుంది. మన ఉదాహరణలోని బండినే తీసుకుని, ముందు చక్రం ఇరుసు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుని, ఫోర్కు కుంగడాన్ని పక్కనపెట్టి లెక్కిస్తే, తోకను లేపడానికి 1.08 రెట్ల రుణత్వరణం, అంటే వేగం తగ్గే రేటు, కావలసిన బండికి 20 డిగ్రీలు లేచాక అక్కడే నిలవడానికి 0.62 రెట్లు చాలు. 40 డిగ్రీల దగ్గర 0.3 రెట్లు చాలు. 63 డిగ్రీల దగ్గర గురుత్వ కేంద్రం సరిగ్గా ఇరుసు మీదికి వస్తుంది. అక్కడ బ్రేకే అక్కరలేదు, దాటితే మాత్రం బండి మనిషి మీదుగా బోల్తాపడుతుంది. వెనుక చక్రాన్ని లేపిన అదే ఒత్తిడిని వేలు అలాగే పట్టి ఉంచితే, సరిగ్గా సరిపోయిన బలం కాస్తా అర సెకను తిరక్కుండానే రెండింతల బలమై కూర్చుంటుంది. చేయి మారలేదు, బండి మారింది.

దీనికి తోడు, పైకి లేస్తున్న తోకకు కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుతున్న వస్తువుకు ఉండే ఊపు, ఉంటుంది. బ్రేకు పూర్తిగా వదిలిన తరువాత కూడా అది కొంత ఎత్తు లేచి, అప్పుడు గానీ వెనుతిరగదు. కావలసిన ఎత్తు వచ్చాక వదులుదామనుకునేవాడు అప్పటికే ఆలస్యం చేసినట్టు. అరచేతిలో పొడవాటి కర్రను నిలబెట్టడం కొంత సాధనతో వస్తుంది, పెన్సిలును నిలబెట్టడం ఎవరివల్లా కాదు. పొట్టి వస్తువు మన స్పందన కంటే త్వరగా ఒరిగిపోవడమే కారణం. మనిషి చూసి స్పందించడానికి సెకనులో ఐదోవంతు పడుతుంది. మోటార్‌సైకిలు ఒరుగుదల రెండు మూడింతలు కావడానికి పట్టే కాలం కూడా సుమారుగా అదే స్థాయిలో, సెకనులో మూడోవంతు ప్రాంతంలో ఉంటుంది. చూసి దిద్దుకునేంత వ్యవధి లేదు కాబట్టి, ఆ కదలికను ముందే ఊహించే అలవాటు చేతికి పట్టాలి.

ముందు చక్రాన్ని లేపే వీలీతో పోలిస్తే ఇది మరింత పిసినారి విద్య. వీలీలో లేపడానికి యాక్సిలరేటర్, దించడానికి వెనుక బ్రేకు, రెండు సాధనాలుంటాయి. స్టాపీలో లేపేదీ దించేదీ ఒకే లీవరు, దానిమీద ఒకటో రెండో వేళ్లు. వేలి సూక్ష్మమైన ఒత్తిడిని అదే సూక్ష్మతతో చక్రానికి చేర్చే హైడ్రాలిక్ డిస్కు బ్రేకు లేకుండా ఈ విన్యాసం ఇంతగా విస్తరించేది కాదని నా అభిప్రాయం. 1969లో వచ్చిన హోండా సీబీ 750తో ముందు డిస్కు బ్రేకు పెద్ద ఎత్తున తయారయ్యే బండ్లలోకి ప్రవేశించింది.

ఈ లెక్కల నుంచే ఒక వింత కూడా బయటపడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి గురుత్వ త్వరణమంత రుణత్వరణంతో ఆగితే, బండి 6.3 మీటర్లలో, సెకను పైచిలుకులో నిలిచిపోతుంది. తోక కొద్దిగా మాత్రమే లేచిన స్టాపీ అందుకే అంత పొట్టిది. అదే వేగంతో తోకను 40 డిగ్రీల దగ్గర నిలిపితే 20 మీటర్లకు పైగా సాగవచ్చు. దూరం కావాలంటే ఎత్తు కావాలి, ఎత్తులోనే బోల్తా ప్రమాదమూ ఉంది. జర్మనీకి చెందిన ప్రఖ్యాత విన్యాసకుడు క్రిస్టియన్ ఫైఫర్ స్టంట్లకు ముందు ట్రయల్స్ పోటీల్లో ఆరితేరినవాడు. రాళ్ల మీద, దుంగల మీద నడక వేగంతో బండిని నిలిపే ఆ క్రీడ బ్రేకు వేలికి ఎంత మంచి బడో చెప్పనక్కరలేదు.

సాధన విషయానికొస్తే, మూసివున్న, చదునైన, పొడిగా ఊడ్చిన తారు నేల కావాలి. చాలా దేశాల్లో సాధారణ రహదారి మీద ఇది చట్టవిరుద్ధం. హెల్మెట్, చేతి తొడుగులు, వీపుకు, మోకాళ్లకు, మోచేతులకు రక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు. వేగం 20 నుంచి 30 కిలోమీటర్లు చాలు. ముందు టైరును నాలుగైదు గట్టి బ్రేకులతో వేడెక్కించుకుని, క్లచ్ పూర్తిగా పట్టి, మోకాళ్లతో ట్యాంకును బిగించి, చూపు దూరాన నిలిపి, బండి నిటారుగా, హ్యాండిలు సూటిగా ఉన్నప్పుడే బ్రేకు పట్టాలి. హ్యాండిలు ఇసుమంత పక్కకు ఉన్నా, ఒళ్లు ఒక పక్కకు ఒరిగినా, నేలను విడిచిన తోక అటో ఇటో తిరుగుతుంది. అలా తిరగడం మొదలైతే వెంటనే బ్రేకు సడలించి దించడమే మార్గం. బ్రేకు పడినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లు వెనుక చక్రం లేస్తున్నట్టు పసిగట్టి ముందు బ్రేకును తామే సడలిస్తాయి. రోజూ రహదారి మీద తిరిగే బండిలో దాన్ని తీసేయడం తెలివితక్కువతనం. సాధనకు వేరే బండి ఉండాలి, దానికీ ఫోర్కు సీళ్లను, హ్యాండిలు బేరింగులను తరచూ చూసుకోవాలి, ఎందుకంటే భారమంతా మోసేవి అవే.

మొదటి రోజుల్లో పక్క నుంచి ఎవరైనా వీడియో తీస్తే మంచిది. తోక మీటరు ఎత్తు లేచిందని, ఇక పల్టీ కొట్టడమే తరువాయి అని గుండె దడదడలాడిన ప్రయత్నాన్ని తెరమీద చూసుకుంటే, వెనుక టైరుకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది.