జపాన్ పల్లెలకు వెళ్లే ముందు: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

నాగానో కొండల్లో ఉంటూ మన తెలుగు కుటుంబాలకు జపాన్ పల్లెలు చూపించడం నా పని. ఫోన్ చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు అవే, వాటి వెనకున్న అపోహలూ అవే. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

"సకురా (చెర్రీ పూలు) ఏప్రిల్ మొదటి వారంతో అయిపోతుంది."

అది టోక్యో లెక్క. ఒకినావాలో జనవరిలోనే పూస్తుంది, మా వైపు తకాతో కోట దగ్గర ఏప్రిల్‌లో, హొక్కైదోలో అయితే ఏప్రిల్ చివరి నుంచి మే దాకా. ఒక చెట్టు నిండుగా ఉండేది మాత్రం వారం రోజులే, గట్టి వాన పడితే అదీ ఉండదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ పూత ఆలస్యమవుతుంది కాబట్టి కింద రాలిపోయిందని దిగులు పడకండి, కొండ మీది ఊళ్లకు వెళ్లండి.

"జపాన్ కదా, రైలు కార్డు ఉంటే ఎక్కడికైనా వెళ్లొచ్చు."

పల్లె లైన్లలో చాలాచోట్ల కార్డు పనిచేయదు. ఒకటి రెండు పెట్టెల రైలు, డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. ఎక్కేటప్పుడు నంబరు చీటీ తీసుకుని, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర పెట్టెలో చిల్లర వేయాలి. నాణేలు దగ్గర పెట్టుకోండి, చివరి బస్సు టైమ్ ఫొటో తీసుకోండి. కొన్ని ఊళ్లకు అది సాయంత్రం ఐదింటికే వెళ్లిపోతుంది.

"షిరాకవా-గో మ్యూజియం లాంటిది, ఎక్కడైనా తిరగొచ్చు."

ఈ అపోహ నన్ను నిజంగా బాధపెడుతుంది. గిఫులోని షిరాకవా-గో, పక్కనే తొయామాలోని గోకయామా 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి, నిజమే, కానీ దణ్ణం పెట్టిన చేతుల్లా ఉండే ఆ గడ్డి కప్పుల కింద ఇవాళ్టికీ జనం కాపురాలు ఉంటున్నారు. కప్పు అంత ఏటవాలుగా ఉండేది మంచు జారిపోవడానికి. పై అటకల్లో ఒకప్పుడు పట్టుపురుగులు పెంచేవాళ్లు. ముప్ఫై నలభై ఏళ్లకోసారి గడ్డి మొత్తం మార్చాలి, అది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు కాబట్టి ఊరు ఊరంతా కప్పెక్కుతుంది, దాన్ని 'యుయి' అంటారు; నాట్లప్పుడు మన పల్లెల్లో ఒకరి చేలోకి ఒకరు బదులు వెళ్తారే, ఆ పద్ధతే. చుట్టూ గడ్డే కాబట్టి వాళ్లకు నిప్పంటే ప్రాణభయం, దారిలో సిగరెట్ ముట్టించవద్దు.

మాతో వచ్చిన ఒకాయన ఫొటో కోసం ఎవరింటి పెరట్లోకో వెళ్లి ఆరేసిన బట్టల పక్కన నిలబడ్డాడు. బయటికొచ్చిన పెద్దావిడ ఒక్క మాట అనలేదు, తల వంచి నిలబడిపోయింది. నేను వెళ్లి క్షమాపణ అడిగాను. ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

"వెజ్ అని చెబితే సరిపోతుంది."

సరిపోదు. మిసో సూప్, సోబా నూడుల్స్ రసం, ఉడికించిన కూరలు, చాలావాటికి ఆధారం 'దాషి' అనే రసం, దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన చేపతో కాస్తారు. వండేవాళ్లకు అది మాంసం కిందకే రాదు, మోసం చేయాలని కాదు. "సకానా నో దాషి మో దమే దెసు" అని చెప్పండి, చేప దాషి కూడా వద్దని అర్థం. ఇంటివాళ్లే నడిపే 'మిన్షుకు'లో దిగేటట్టయితే కనీసం వారం ముందే చెప్పండి, ఆరింటికల్లా భోజనం పెట్టేస్తారు, అప్పటికప్పుడు మార్చమంటే వాళ్లకు టెన్షన్. వసంతంలో కొండ ఆకుకూరల టెంపురా (మన బజ్జీల్లాంటివి) పెడతారు, దాంతో ఇచ్చే పులుసులోనూ దాషి ఉంటుంది కాబట్టి ఉప్పు అడిగి అద్దుకోండి. కొద్దిగా చేదుగా, చాలా బాగుంటుంది. ఏ అనుమానమూ లేకుండా తినాలంటే కోయాసాన్ కొండ మీది గుడి బసల్లాంటి చోట్ల వడ్డించే బౌద్ధ శాకాహార భోజనం 'షోజిన్ ర్యోరి'. అక్కడ సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో దాషి కాస్తారు.

అన్నట్టు ఆ ఆకుకూరలు కొండ మీద కనిపించాయని కోసుకోకండి, ఆ కొండకు సొంతదారులుంటారు.

"ఒబోన్ అంటే తద్దినాల రోజులు, దిగులుగా ఉంటుంది."

పితృదేవతలు ఇంటికొస్తారన్న నమ్మకం మనలాంటిదే, వాతావరణం మాత్రం పండగ. ఎక్కువ ఊళ్లలో ఆగస్టు 13 నుంచి 16 దాకా. చాలా ఇళ్లలో కీరా దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రాన్ని, వంకాయకు గుచ్చి ఆవును చేస్తారు: పెద్దలు గుర్రమెక్కి త్వరగా రావాలి, ఆవు మీద నెమ్మదిగా వెళ్లాలి. రాత్రి గుండ్రంగా తిరుగుతూ ఆడే నాట్యంలో పరాయివాళ్లయినా చేరొచ్చు, మా ఊళ్లో మొహమాటపడితే చెయ్యి పట్టి లాగుతారు. కాకపోతే పట్నాల నుంచి అందరూ ఇళ్లకు వచ్చే రోజులు, రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, చిన్న దుకాణాలు మూసేస్తారు.

"చలికాలంలో మంచు తప్ప ఏముంది?"

సరిగ్గా మన భోగి రోజుల్లో, జనవరి 15 అటూ ఇటూగా, ఇక్కడ 'దొందోయాకి' మంటలు వేస్తారు. కొత్త సంవత్సరానికి గుమ్మాలకు కట్టిన గడ్డి తాళ్లు, పైన్ కొమ్మలు తెచ్చి కాలుస్తారు. మా వైపు పిల్లలు పట్టుగూళ్ల ఆకారంలో చేసిన బియ్యప్పిండి ఉండల్ని కొమ్మలకు గుచ్చి ఆ నిప్పు మీద కాల్చుకుంటారు, తింటే ఏడాదంతా జబ్బు రాదంటారు. నొజావా ఒన్సెన్ ఊరిలోది చాలా పెద్దది: ఏటా జనవరి 15 రాత్రి చెక్కలతో కట్టిన గుడి మీద 42 ఏళ్లవాళ్లు కూర్చుంటారు, కింద 25 ఏళ్లవాళ్లు కాపలా కాస్తారు, ఊరి జనం కాగడాలతో మీదికొస్తారు. ఆ రెండూ మగవాళ్లకు గండం వయసులు. చివరికి గుడిని కాల్చేస్తారు. నిప్పురవ్వలు జనం మీద పడతాయి, నైలాన్ జాకెట్ వేసుకోకండి, గది మాత్రం నెలల ముందే పట్టుకోవాలి.